వీధిలో తొమ్మిది అడుగులు



మీ ఇంటి ముందున్న వీధి ఎన్ని అడుగుల వెడల్పు ఉన్నదో మీకు తెలుసునా? పొలము ఎన్ని సెంట్లో, ఇంటి స్థలము ఎన్ని గజములో నిద్రలో లేపి అడిగినా చెప్పగలము. సరిహద్దు రాయి జానెడు జరిగినదంటే పెద్దమనుష్యులను పిలిపిస్తాము. వీధిని మాత్రము ఎవరూ కొలిచి చూడరు. మన గుమ్మము ఎదుట ఉన్నంత మేరకు అది మనదే అన్నట్లు వాడుకొంటాము. మోటారు సైకిలు అక్కడే, ఆటో అక్కడే, ట్రాక్టరు ట్రక్కు అక్కడే, ఇల్లు కట్టే రోజులలో ఇసుక కుప్ప కూడా అక్కడే. ఆ వీధిలోనికి ఒక రాత్రివేళ 108 బండి గాని, ఫైరింజను గాని రావలసి వస్తే ఏమగును? ఈ నెల మేము వ్రాయదలచినది ఆ సంగతే. సంఘ పత్రికలో బండ్లు నిలుపుకొనే విషయమెందుకు, అది పంచాయతీవారి పని, పోలీసువారి పని అని కొందరు అనవచ్చును. మా గ్రామములోనూ ఆ మాట అన్నవారున్నారు. వారితో మాట్లాడుతూ మాట్లాడుతూనే ఇక్కడ ఈ పని సగము వరకు వచ్చినది.

మేము ఈ సంఘమునకు వచ్చి పదకొండు సంవత్సరములైనది. ఊరు డెల్టాలో, పంట కాలువ గట్టు ప్రక్కన ఉన్నది. తారు రోడ్డు నుండి మా పేటలోనికి ఒకే వీధి. వీధి చివరకు మందిరము, మందిరము దాటిన తరువాత మరి ఇరువది ఇండ్లు. ఈ స్థలములు ఇచ్చి నలువది ఏండ్లు దాటినది. ఒక్కొక్కరికి రెండేసి సెంట్లు. కొలిచి ఇచ్చిన అధికారులు గాని, పట్టాలు పుచ్చుకొన్న మన పెద్దలు గాని ఇక్కడ ఒకనాడు కార్లు నిలుచునని తలంచలేదు. ఆనాడు పేట మొత్తానికి సైకిళ్లు నాలుగో అయిదో ఉండేవని ముసలివారు చెబుతారు. జబ్బు చేసినవారిని మంచము మీద రోడ్డు వరకు మోసుకొనిపోయి, దొరికిన లారీనో ఎడ్లబండినో ఎక్కించేవారట.

ఇప్పుడు మోటారు సైకిలు లేని ఇల్లు అరుదు. ఆటోలు ఎనిమిది, ట్రాక్టర్లు మూడు ఉన్నవి. పండుగ దినములలో హైదరాబాదు, బెంగుళూరులలో ఉద్యోగము చేసే పిల్లలు కార్లలో వస్తారు. ఇది చూచి మేము సంతోషిస్తాము. తండ్రి కూలికి పోయిన పొలము గట్టు మీదుగా కొడుకు సొంత ట్రాక్టరు తోలుకొని వచ్చి ఇంటి ముందు నిలుపుకొంటే, అది ఊరంతా చూడవలెనని అతనికి ఉండును. ఉండుటలో తప్పు లేదు. ఇది అర్థము చేసికొననివాడు ఈ వీధిలో నిలబడి "బండి తీయండి" అని చెప్పినా ఎవరూ వినరు.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమై, కొద్ది ఏండ్లలోనే అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటికీ వచ్చినది. కాన్పుకు, పాముకాటుకు, గుండెనొప్పికి, రోడ్డు ప్రమాదమునకు పైసా అడుగకుండ బండి వచ్చుట మన పల్లెలకు ఎంత మేలైనదో చెప్పనక్కరలేదు. అగ్ని ప్రమాదమునకు 101 ఉన్నది. పోలీసు, అగ్నిమాపక, వైద్య సహాయములన్నిటికీ కలిపి 112 ఉన్నది. పిలిచిన తరువాత తారు రోడ్డు వరకు వచ్చుట వారి చేతిలో పని. అక్కడనుండి గుమ్మము వరకు వారిని రానిచ్చుట మన చేతిలో పని.

మూడేండ్ల క్రిందట మే నెలలో మా వీధిలో ఒక వివాహము జరిగినది. మందిరములో ఆరాధన ముగిసినది, సాయంకాలము విందు. ఇక్కడి వాడుక చొప్పున వీధికి అడ్డముగా షామియానా వేసినారు. దాని వెనుక సౌండు బాక్సుల మినీ లారీ, ఆ వెనుక వంటల గాడిపొయ్యి. రాత్రి తొమ్మిది దాటిన తరువాత చివరి ఇండ్లలో ఒక కూలి మనిషికి, యాభై ఎనిమిది ఏండ్లుండును, గుండెలో నొప్పి వచ్చినది. ఒళ్లంతా చెమటలు పట్టినవి. ఎడమ చేయి లాగుచున్నదన్నాడు. చుట్టమొకడు 108కి ఫోను చేసినాడు. బండి ఆలస్యము లేకుండ వచ్చి, షామియానా దగ్గర ఆగిపోయినది. దాని వెనుక విందుకు వచ్చిన ఆటో ఒకటి, ఆ వెనుక మరొకటి ఆగినందున వెనుకకు పోవుటకు కూడ త్రోవ లేదు.

పెండ్లివారే విస్తళ్ల ముందు నుండి లేచి పరుగెత్తినారు. స్ట్రెచరు గాడిపొయ్యి దాటదు గనుక ఆయనను నులకమంచము మీద పడుకొనబెట్టి బండి వరకు రెండు వందల గజములు మోసినారు. మేమును భోజనము దగ్గర నుండి లేచి వెళ్లి ఒక కోడు పట్టుకొన్నాము. కుర్చీలు తొక్కుకొంటూ, తాళ్ల క్రింద వంగుతూ పోయాము. తరువాత ఆటోలవారిని వెదకి బండ్లు తీయించవలసి వచ్చినది. ఆసుపత్రికి చేరకముందే ఆయన ప్రభువునందు నిద్రించినాడు.

భూస్థాపన అయిన మరునాడు ఆయన భార్య, "ఆ పావుగంట కలిసొస్తే బతికేవాడా అయ్యగారూ?" అని మమ్ములను అడిగినది. చెప్పలేమమ్మా అన్నాము. గుండె ఆగినవారి విషయములో వైద్యులు చెప్పే లెక్క ఒకటున్నది. ఛాతీ నొక్కుట, షాకు ఇచ్చుట వంటి సహాయము అందని ప్రతి నిమిషమునకు బ్రతికే అవకాశము నూటికి 7 నుండి 10 వంతులు తగ్గిపోవును. ఈ లెక్క ఆమెకు చెప్పలేదు. చెప్పి ప్రయోజనము లేదు. పెండ్లివారిని మాత్రము ఎవరూ ఒక్క మాట అనలేదు. రేపు మన ఇంట పెండ్లి అయినా ఇదే పందిరి కదా అనుకొన్నారు. మమ్ములను ఎక్కువగా కలవరపెట్టినది అదే.

కపెర్నహూములో పక్షవాత రోగిని మంచముతో మోసుకొనివచ్చిన నలుగురిని గూర్చి మనమెన్నో ప్రసంగములు విన్నాము. మార్కు సువార్త రెండవ అధ్యాయములో ఉన్న సంగతి. వారి విశ్వాసమును, ఇంటికప్పు విప్పిన తెగువను మెచ్చుకొంటాము. వాకిలి నిండా నిలుచున్న జనమును గూర్చి ఎవరూ ప్రసంగించరు. వారు చెడ్డవారు కారు. మంచి మాట వినుటకే వచ్చినవారు. అయినను మంచము లోపలికి పోలేదు. మా వీధిలోనూ ఆ రాత్రి చెడ్డవాడు ఒక్కడూ లేడు.

తరువాతి నెలలో యవ్వనస్థులతో కలిసి వీధి కొలిచాము. రెండు ప్రక్కలా మురుగు కాలువలు, నడుమ సిమెంటు రోడ్డు 14 అడుగులు. 108 బండి అద్దములతో కలిపి ఏడు అడుగుల త్రోవ కోరును. ఆగిన తరువాత వెనుక తలుపులు తెరచి స్ట్రెచరు లాగుటకు మరి ఏడెనిమిది అడుగుల ఖాళీ ఉండవలెను. ఈ సంగతి చాలమందికి తట్టదు, బండి వెనుకనే మూగుదురు. ఫైరింజను ఇంకా పెద్దది. లారీ చాసిస్ మీద కట్టినది గనుక వెడల్పు రెండున్నర మీటర్లు, అనగా ఎనిమిది అడుగుల పైమాట. అందులో మోసుకొని వచ్చే నీళ్లే నాలుగు టన్నులకు తక్కువ కాదు. మా పేటలో ఇంకను తాటాకు ఇండ్లు ఆరు, గడ్డివాములు లెక్కలేనన్ని ఉన్నవి. ఎండాకాలములో ఒక తాటాకు ఇల్లు అంటుకొంటే గాలి వాలున ఉన్న ఇండ్లకు వ్యవధి నిమిషములే. ఫైరింజను దూరముగా ఆగినా గొట్టములు ఒకదానికొకటి తగిలించి లాగవచ్చును గాని, గొట్టము పొడవు పెరిగిన కొలది నీటి ఒత్తిడి తగ్గిపోవును. పట్టణములలోనూ ఈ బాధ ఉన్నది. 2025 మే 18న హైదరాబాదులో చార్మినారు దగ్గర గుల్జార్ హౌజులో ఒక ఇల్లు అంటుకొని 17 మంది చనిపోయినారు. అక్కడ అడ్డము వచ్చినవి బండ్లు కావు. ఆ ఇంటిలోనికి ఉన్నది ఒకే ఇరుకు దారి. ఇరుకు దారి ఎంత పని చేయునో చెప్పుటకే ఇది వ్రాశాము.

అందుచేత తొమ్మిది అడుగుల వెదురు గెడ ఒకటి కోయించాము. ఇద్దరు కుర్రవాళ్లు దానిని అడ్డముగా పట్టుకొని తారు రోడ్డు నుండి చివరి ఇంటి వరకు నడిచినారు. గెడ ఎక్కడ తగిలితే అక్కడ సున్నముతో గుర్తు. మొదటిసారి పదునాలుగు చోట్ల తగిలినది. ఒక ఇంటి అరుగు రెండు అడుగులు ముందుకు వచ్చినది. ఒక స్నానపు బండ, ఒక ఇసుక కుప్ప, రెండు గడ్డివాములు, మలుపు దగ్గర కరెంటు స్తంభము. మిగిలినవన్నీ బండ్లే. పిల్లలు గెడ వెనుక గుంపుగా నడిచి, తగిలిన ప్రతి చోట కేకలు వేసినారు. మేము ఎంత ప్రసంగించినా రాని తెలివి ఆ కేకలతో వచ్చినది. ఇండ్లలోని వారు బయటికి వచ్చి తమ బండి ఎంత అడ్డమో తామే చూచుకొన్నారు.

లెక్క చూస్తే చిత్రముగా తేలినది. 14 అడుగులలో 9 పోగా మిగిలినవి 5. మోటారు సైకిళ్లను వీధి పొడుగున వరుసగా పెట్టితే అయిదు అడుగులు చాలును. ఆటోకు కూడ చాలును. కారుకు చాలదు, ట్రాక్టరుకు చాలదు, ట్రక్కుకు అసలే చాలదు. కాబట్టి ఒక ప్రక్కనే, అదియు తూర్పు వైపునే, మోటారు సైకిళ్లు, ఆటోలు ఉండవచ్చును. కార్లు, ట్రాక్టర్లు వీధిలో నిలువరాదు. మలుపు దగ్గర ఇరువది అడుగుల మేర ఏ బండీ ఉండరాదు, పెద్ద బండి తిరుగునప్పుడు తొమ్మిది అడుగులు చాలవు గనుక. ముసలివారిని, రోగులను గుమ్మము దగ్గర దింపవచ్చును. దింపి బండి తీసికొనిపోవలెను.

నిర్ణయము చెప్పుట తేలిక. దాని భారము ఎవరి మీద పడినదో చూడండి. సైకిలు మోటారువారికి నష్టము లేదు. కారు ఉన్నవారు, ట్రాక్టరు ఉన్నవారు, అనగా పేటలో మాట చెల్లేవారు, సంఘములో కానుకలు ఎక్కువగా ఇచ్చేవారు బండ్లు తీయవలసి వచ్చినది. పంచాయతీలో ఇటువంటి పని ఎందుకు జరగదో మాకు అప్పుడు బాగుగా అర్థమైనది.

చట్టము లేక కాదు. 1988 మోటారు వాహనముల చట్టములో 122వ సెక్షను ప్రకారము, ఇతరులకు అపాయము గాని అడ్డంకి గాని కలిగేలా బహిరంగ స్థలములో బండిని వదలిపెట్టరాదు. అటువంటి బండిని తొలగించుటకు 127వ సెక్షను ఉన్నది. బండ్లు నిలుపుకొనుటకు స్థలములు ఏర్పరచే అధికారము 117వ సెక్షనులో ఉన్నది. 1989లో వచ్చిన రోడ్డు నియమములలోనే ఆసుపత్రి వాకిలి ఎదుట, బడి వాకిలి ఎదుట, మంటలార్పే నీటి గొట్టము దగ్గర బండి నిలుపరాదని ఉండినది. 2019లో చట్టమును సవరించి, అంబులెన్సుకు, ఫైరింజనుకు ప్రక్కకు తొలగి దారి ఇవ్వని డ్రైవరుకు ఆరు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునన్నారు. అమెరికాలోని న్యూయార్కు నగరములో నీటి గొట్టమునకు 15 అడుగుల లోపల కారు నిలిపితే జరిమానా తప్పదు. అక్కడ ఉన్న మన పిల్లలు ఆ 15 అడుగులు తు.చ. తప్పక పాటిస్తారు. సెలవులకు వచ్చి ఇక్కడ మందిరపు గేటుకు అడ్డముగా పెడతారు. వారిని అని లాభము లేదు. ఇక్కడ అడిగేవాడు లేడు. మా వీధిలోనికి క్రేను తీసికొని పోలీసువారు ఎన్నడును రాలేదు, ఇక ముందు వచ్చుననియు మేము అనుకొనము. ఇది ఇరుగు పొరుగువారు ఒకరినొకరు అడిగి చేసికొనవలసిన పని.

మొదట మందిరము ఎదుటనే ప్రారంభింపవలెనని సంఘ పెద్దలతో చెప్పాము. ఆదివారము ఉదయము, క్రిస్మసునాడు, డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు చుట్టు ప్రక్కల ఊళ్లవారు కూడ వచ్చుట వలన ఈ వీధి నిండేది మన వలననే. మందిరమునకు నూట యాభై గజముల దూరములో ఒక విశ్వాసి కళ్లము ఉన్నది. పంట నూర్చే దినములు తప్ప ఖాళీయే. ఆయన సంతోషముగా ఇచ్చినాడు. ఆదివారములలో బడి ఆవరణ కూడ వాడుకొనుటకు ప్రధానోపాధ్యాయులు ఒప్పుకొన్నారు. ఆ సంవత్సరము కోత పండుగకు వాక్యము చెప్పుటకు వచ్చిన పెద్ద సేవకులవారి కారును కుర్రవాళ్లు కళ్లములోనికే పంపినారు. ఆయన బైబిలు చేత పట్టుకొని బురదలో నడిచి వచ్చినారు. పెద్దలు సిగ్గుతో తలలు వంచుకొన్నారు. ఆయన మాత్రము నవ్వి, ఎందుకో అడిగి తెలిసికొని, గెడను చూపించమన్నారు. ఆ తరువాత కారున్నవారిలో సగము మందికి మేము చెప్పవలసిన పని లేకపోయినది.

ట్రాక్టర్ల విషయము అంత సులువుగా పోలేదు. ఒక సహోదరుడు మాతో సూటిగా అన్నాడు: "అయ్యగారూ, దీని మీద ఇంకా మూడేళ్ల వాయిదాలున్నాయి. కళ్లంలో పెడితే రాత్రికి రాత్రి బ్యాటరీ పట్టుకుపోతే ఎవరిస్తారు? మా గుమ్మం ముందుంటే దగ్గు వినపడినా లేచి చూస్తాను." అతడు చెప్పినది అబద్ధము కాదు. ప్రక్క ఊరిలో రెండు బ్యాటరీలు పోయినవి. ఊరికే ప్రేమ కలిగియుండుమని చెప్పి ఇంటికి పంపే మాట కాదిది. నలుగురము కూర్చుండి కళ్లములో లైటు వేయించాము. మూడు ట్రాక్టర్లను కలిపి గొలుసు వేసి తాళము పెట్టుటకు ఏర్పాటు చేశాము. ఆ ఖర్చు సంఘము నుండి కొంత, వీధిలోని ఇంటింటి నుండి కొంత వచ్చినది. కాపలాకు వంతులు వేసినారు గాని రెండు నెలలకే మానినారు. ఇద్దరు ఇప్పుడు కళ్లములోనే పెట్టుచున్నారు. మూడవవాడు నాట్ల దినములలో, కోతల దినములలో ట్రక్కును వీధిలోనే వదులుచున్నాడు. పిలిస్తే వచ్చి తీయును. అర్ధరాత్రి పిలిచి చూచితిమా అంటే చూచితిమి; లేచి వచ్చి తీయుటకు పండ్రెండు నిమిషములు పట్టినది. ఆ లెక్క అతనికే చెప్పాము. అతడు ఇంకను ఆలోచించుచున్నాడు.

పెండ్లి పందిళ్ల సంగతి అన్నిటికంటె కష్టము. బండిని తీయుమనవచ్చును గాని, శుభకార్యమును తీయుమనలేము. రెండు సెంట్ల ఇంటిలో మూడు వందల మందికి ఎక్కడ భోజనము పెడతారు? వీధిలోనే పెట్టవలెను. గ్రామసభలో ఎంతో మాట్లాడిన తరువాత ఒక ఒప్పందమునకు వచ్చారు. పందిరి గుంజలు మురుగు కాలువలకు అవతలనే పాతవలెను. గుడ్డ పండ్రెండు అడుగుల ఎత్తున కట్టవలెను. రోడ్డు మీద కుర్చీలు, బల్లలు ఉండవచ్చును, అవి చేతితో లేచిపోవును. గాడిపొయ్యి తవ్వరాదు, వంట కళ్లములోనో బడి వెనుకనో. సౌండు బండి తారు రోడ్డు మీదనే ఆగవలెను. అంత పొడుగు గుంజలు తమ దగ్గర లేవని సప్లయి కంపెనీవారు మొదట గొణిగినారు. ఇప్పుడు తెచ్చుచున్నారు, అద్దె కొంచెము ఎక్కువ పుచ్చుకొంటున్నారు.

ఈ ఏర్పాటు క్రింద మొదటి విందు జరిగినప్పుడు, ఆ రాత్రి మోసిన మంచము తాలూకు ఇంటివారే చివరి పంక్తిలో కూర్చున్నారు. ఆయన భార్య తినుచు మధ్యలో లేచి, ఒక కుర్రవాడు గుంజకు ఆనించిన మోటారు సైకిలును తానే నెట్టుకొనిపోయి ప్రక్కకు పెట్టి వచ్చి మరల కూర్చున్నది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మీ గ్రామములో గెడ కోయదలచిన వారికి మేము నేర్చుకొన్న చిన్న సంగతులు చెబుతాము. పగలు కాక రాత్రి పది గంటలకు నడిచి చూడండి. పగలు పనికి పోయిన బండ్లన్నీ అప్పుడు ఇంటికి చేరును. సున్నపు గీత ఒక వానకే పోవును గనుక రంగు వేయించుట మేలు. 108కి ఫోను చేసిన వెంటనే ఒక పిల్లవానిని టార్చి లైటుతో తారు రోడ్డు మీదకు పంపండి, ఇద్దరిని వీధిలో బండ్లు తీయుటకు పంపండి.

మా గెడ మందిరపు వసారాలో ఉన్నది. పదునాలుగు చోట్లలో ఇప్పుడు మూడు చోట్ల తగులుచున్నది. అరుగు గలవారు వచ్చే వేసవిలో కొట్టించుకొంటామని మాట ఇచ్చారు. ట్రక్కు సంగతి చెప్పితిమి. మలుపు దగ్గరి కరెంటు స్తంభము మార్చుటకు పంచాయతీ ద్వారా రెండు అర్జీలు పెట్టాము. కొలత వేసికొనిపోయినారు, పని మొదలు కాలేదు. అంతవరకు 108 డ్రైవర్లు ఫోను చేసినప్పుడు, తారు రోడ్డు మీదనే బండి త్రిప్పి వెనుకకు రండి, మలుపులో త్రిప్పవద్దు అని చెప్పుచున్నాము.